జంట లెక్క

ఎక్కీ టెల్ఫర్ జాగిలాలను ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టడం నేనెప్పుడూ వినలేదు. జంట, జంటన్నర, రెండు జంటలు. వేటబృందాల లెక్క అలాగే నడుస్తుంది. కొట్టంలో ఎన్ని ఉన్నాయని అడిగితే "పద్దెనిమిదిన్నర జంటలు" అనేవాడు. ఆ అర జంట ఏమిటని కొత్తవాళ్ళు నవ్వితే, "తోడు దొరకనిది, మీలాగే" అని తన పని చూసుకునేవాడు.

ఆ లెక్క ఊరికే పుట్టలేదు. కుర్ర జాగిలాన్ని మొదటిసారి కొండమీదికి తీసుకెళ్ళేటప్పుడు దాని మెడను ఒక ముసలి జాగిలం మెడకు కలిపి కడతారు. రెండు పట్టెడలు, మధ్యన జానెడు గొలుసు. గొర్రెను చూసి కుర్రది ఎగిరినా ముసలిది కదలదు. నాలుగుసార్లు మెడ పట్టేశాక గొర్రె తన పని కాదని కుర్రదానికి అర్థమవుతుంది. ఎల్డర్‌హోప్ నక్కల వేటబృందానికి ఆ జంటపట్టెడలు కుట్టేది నేను. జెడ్‌బరోలో, స్కాట్లాండ్ సరిహద్దు ఊళ్ళో, కోట దగ్గర్నుంచి కిందికి దిగే వీధిలో నా తోలు కొట్టు. పాత జీనుల కుట్లు విప్పి చూసి పని నేర్చుకున్నవాణ్ణి కనక, మనిషి మాటలకంటే అతను వాడిన వస్తువును చూడటం నాకు అలవాటు. ఎక్కీ మరమ్మతుకు తెచ్చే పట్టెడలు ఏళ్ళ తరబడి వాడినవైనా నూనె పట్టి మెత్తగా ఉండేవి. లోపలి అంచు ఎక్కడా గట్టిపడి ఉండేది కాదు. జాగిలం మెడ ఒరుసుకుపోకుండా చూసుకునే మనిషని దాన్నిబట్టే తెలిసేది.

అతను లిడ్స్‌డేల్‌లో ఒక గొర్రెల కాపరి ఇంట పుట్టాడు. బడి వదిలిన వేసవిలోనే ఎల్డర్‌హోప్ కొట్టానికి వచ్చి నేలలు కడగడంతో మొదలుపెట్టాడు. ఆ కొట్టం పక్కనే బృందం వాళ్ళిచ్చిన రాతి ఇంట్లో ముసలివాడయ్యాడు. పెళ్ళి చేసుకోలేదు. పొద్దున్నే నేలలు కడగడం, ఓట్స్ గంజి కాచడం, గుంపును రోడ్డు మీద నడిపించుకు రావడం, పొలాల్లో చచ్చిన ఆవులనూ గొర్రెలనూ బండి మీద తెచ్చి కోసి గుంపుకు పెట్టడం. వేట ఉన్న రోజుల్లో ఎర్ర కోటు వేసుకుని, గుర్రమెక్కి బూర ఊదడం. రెండువేల రెండులో వచ్చిన చట్టం తర్వాత స్కాట్లాండ్‌లో జాగిలాలు నక్కను అడవిలోంచి బయటికి తోలడం వరకే చెయ్యాలి, చంపేది తుపాకీవాళ్ళు. ఎప్పుడూ అలాగే జరిగిందా అంటే, అలాగే జరిగిందని ఎక్కీ కూడా అనడు.

ఇంకో పని ఉండేది. దాని గురించి ఊళ్ళో ఎవరూ మాట్లాడేవారు కాదు. గుంపుతో సమానంగా పరిగెత్తలేని జాగిలాన్ని ఎక్కీ, పశువులను కోసే మాంసపు గది వెనక్కి తీసుకెళ్ళేవాడు. నోట్లో బిస్కెట్ పెట్టేవాడు. అది నములుతుండగానే ఒక్క తూటాతో పని అయిపోయేది. ఆ పని ఇంకొకరి చేతికి ఇచ్చేవాడు కాదు. "నా చేత్తో తిన్నది, నన్ను చూస్తూనే పోవాలి" అన్నాడు నాతో ఒకసారి.

అతని చెల్లెలి కూతురు ఐల్సా చిన్నప్పుడు సెలవులన్నీ ఆ కొట్టంలోనే గడిపేది. డెయిరీమెయిడ్ అనే మచ్చల జాగిలం వీపు మీద తల పెట్టి పడుకునేది. ఒక వసంతంలో వచ్చి చూస్తే డెయిరీమెయిడ్ లేదు. మామయ్య అబద్ధం చెప్పలేదు. ఆ పిల్ల మళ్ళీ కొట్టంలో అడుగుపెట్టలేదు. పెద్దదై మా ఊరి పశువుల ఆసుపత్రిలో నర్సుగా చేరింది. వేట మీద ఎడిన్‌బరో పార్లమెంటుకు కొత్త బిల్లు వచ్చినప్పుడు, దాని తరఫున మా వీధిలో కరపత్రాలు పంచింది ఆ అమ్మాయే. నా కొట్టులోకీ వచ్చి ఒకటిచ్చింది.

బిల్లులో అసలు సంగతి ఒక్కటే. రెండుకు మించి కుక్కలతో అడవి జంతువును తోలకూడదు. ప్రత్యేకంగా అనుమతి తీసుకుంటే ఎక్కువ వాడుకోవచ్చని ఒక చిన్న సందు ఉంచారు.

జనం ఏమంటారో వినడానికి ఆ శరదృతువులో పార్లమెంటు తరఫున ఇద్దరు మా ఊరి హాలుకు వచ్చారు. మాట్లాడదలచినవాళ్ళకు తలా కొన్ని నిమిషాలు. హాలంతా తడిసిన ఉన్ని వాసన. ఎక్కీ కోటు బొత్తాలన్నీ పెట్టుకుని మొదటి వరుసలో కూర్చున్నాడు. పక్కన కార్టర్‌హోప్ పొలం నెట్టా షీల్. మొగుడు పోయాక కొండమీద గొర్రెల మందనంతా ఒంటిచేత్తో నడుపుతున్న మనిషి. ఆమె దారిపొడుగునా అతనికి పాఠం చెబుతూనే వచ్చింది.

"గొర్రెపిల్లల సంగతి చెప్పు. గొర్రెలు ఈనే కాలంలో నక్క ఎన్నిటిని ఎత్తుకెళ్ళిందో చెప్పు. ఇంకేం వద్దు."

"చెప్తానే తల్లీ."

"మళ్ళీ నీ జాగిలాల పురాణం మొదలుపెట్టావనుకో, అందరి ముందూ చెవి పట్టుకుని కూర్చోబెడతా."

ముందు ఐల్సా లేచింది. కాగితం చూడకుండానే మాట్లాడింది.

"నక్కని చంపొద్దని నేననట్లేదు. నెట్టా అత్త పొలం నాకు తెలుసు. గొర్రెపిల్లలు పోతే ఆవిడ పడే బాధ కూడా తెలుసు. కాల్చండి. కానీ ముప్పై నలభై కుక్కల్ని వెంటేసి, కొండ చుట్టూ తరిమి, అవి పట్టేసుకుంటే 'అయ్యో, పొరపాటైపోయింది' అనడం ఎన్నాళ్ళు? ఇరవయ్యేళ్ళుగా ఆ పొరపాటు జరుగుతూనే ఉంది. పొరపాటు అంతసార్లు జరిగితే దాన్ని అలవాటంటారు."

కొందరు చప్పట్లు కొట్టారు. కొందరు నిరసనగా బూట్లు నేలకేసి రుద్దారు. తర్వాత ఎక్కీ లేచాడు. చేతిలో బిల్లు కాగితం ఉంది.

"దీంట్లో మొదటి వాక్యంలోనే తప్పుందండి. కుక్కలు అని రాశారు. నా దగ్గర కుక్కలు లేవు. నా దగ్గరున్నవి జాగిలాలు. కుక్కంటే మా నెట్టా ఇంట్లో పొయ్యి దగ్గర పడుకునేది. రెండూ ఒకటని రాసినవాళ్ళకి..."

బల్ల వెనకున్న పెద్దమనిషి మర్యాదగానే అడ్డొచ్చాడు. "మిస్టర్ టెల్ఫర్, దయచేసి విషయానికి రండి."

"వచ్చానండీ. ఇదే విషయం. రెండు అని రాశారు. మేం రెండు అని లెక్కపెట్టం. జంట అంటాం. ఒక జంట అంటే..."

వెనక వరుసలో ఎవడో "భౌ" అన్నాడు. హాలు గొల్లుమంది. పెద్దమనిషి కూడా నవ్వు ఆపుకోడానికి నీళ్ళు తాగాడు. ఎక్కీ మెడ ఎర్రబడింది. మళ్ళీ మొదటినుంచి, కుక్క వేరు జాగిలం వేరు అని మొదలుపెట్టాడు. ఆ మాట దాటి ముందుకు వెళ్ళలేకపోయాడు. సమయం అయిపోయిందని గంట కొట్టారు. గొర్రెపిల్లల సంగతి ఎవరూ చెప్పనే లేదు. ఐల్సా మాత్రం నవ్వలేదు. నేలకేసి చూస్తూ కూర్చుంది.

మెట్లు దిగుతుంటే నెట్టా వదల్లేదు. "దొరక్క దొరక్క మాట్లాడే అవకాశం దొరికితే వ్యాకరణం చెప్పొచ్చావా? నువ్వు బడికెళ్ళిందే నాలుగు రోజులు!"

ఎక్కీ నాకేసి తిరిగాడు. "నేను చెప్పాలనుకుంది అది కాదోయ్. అడవిలో ఒక జాగిలం అరిచిందనుకో. అది అనుమానం. దానికేదో తగిలింది, అంతే. పక్కది పరిగెత్తుకెళ్ళి వాసన చూసి అవునంటుంది. తర్వాత ఇంకోటి అవునంటుంది. అలా గుంపంతా అవునన్నాక నిజమవుతుంది. గుంపంటే చాలా జంతువులు కాదు, ఒకటే జంతువు. రెండిటితో ఏముంటుంది? వాదన ఉంటుంది. అదీ నేను చెప్పాలనుకున్నది."

"మరి లోపల అదే చెప్పొచ్చుగా?"

"లోపల నాకు ఆ కుక్క అన్న మాట తప్ప ఇంకేం వినపడలేదు."

ఎక్కీ బాగా చెప్పి ఉంటే బిల్లు ఆగేదని నేననుకోను. అక్కడ ఓట్లు ముందే ఖాయమైపోయాయి. జనవరిలో అది నెగ్గింది. ఆ అక్టోబరు నుంచి అమలన్నారు. కానీ తన మాట చెప్పలేకపోయానన్నది అతనికి ముల్లులా మిగిలింది.

బృందం పెద్దలు రెండుసార్లు కూర్చుని మాట్లాడుకున్నారు. అనుమతి తీసుకుని నడపాలని కొందరన్నారు. ఏడాదిలో కొద్దిరోజుల అనుమతి కోసం ఇన్ని నోళ్ళను పోషించలేమని బృందాన్ని నడిపే మాస్టర్ గారు అన్నారు. ఆ వేసవి చివర ఎల్డర్‌హోప్ వేటబృందం మూతపడింది. కొట్టం, ఎక్కీ ఉంటున్న ఇల్లు మరుసటి వసంతం చివరికి, ఆ స్థలం సొంతదారైన ఎస్టేటుకు తిరిగి అప్పగించాలి. అతనికి మునిసిపాలిటీ వాళ్ళు ఊళ్ళో పై అంతస్తులో రెండు గదులు చూపించారు. అక్కడ జంతువులను ఉంచుకోనివ్వరు.

కుర్ర జాగిలాలను సరిహద్దు అవతలి ఇంగ్లీషు బృందాలు, కొన్నిటిని ఐర్లండ్ వాళ్ళు తీసుకెళ్ళారు. లారీలు వచ్చిన ప్రతిసారీ ఎక్కీ ఒక్కొక్కదాన్నీ పేరు పెట్టి పిలిచి, అది ఎక్కాకే ఇంకోదాన్ని పిలిచాడు. తీసుకెళ్ళడానికి వచ్చినవాళ్ళకు వాటి గుణాలు చెప్పాడు. ఇది గంజి వేడిగా ఉంటే తినదు, దీనికి ఎడమ చెవి దగ్గర చెయ్యి పెట్టొద్దు అని. అక్కడా చట్టం రాబోతోందని, ఎన్నాళ్ళుంచుకుంటామో మాకే తెలీదని ఒక లారీ డ్రైవరు అంటే, ఎక్కీ వినపడనట్టు తలుపు గడియ సరిచూశాడు.

చివరికి రెండు జంటలు మిగిలాయి. ముసలివి. ఎవరికీ అక్కర్లేనివి. వాటిలో ఒక జంటకు మూత్రపిండాలు పాడయ్యాయి. ఆ జంట పని ఎక్కీ ఎప్పటిలాగే ఒక పొద్దున ముగించాడు. ఇంక గాసిప్ అనే ఆడదీ, హార్పర్ అనే పోతూ మిగిలాయి.

సంగతి తెలిసి ఐల్సా వచ్చింది. ఇన్నేళ్ళ తర్వాత ఆ ఇంటి గడప దాటడం అదే మొదటిసారి. నేను అప్పుడు వంటింట్లో ఎక్కీ జీనుకు వెల కట్టడానికి దాని కుట్లు చూస్తున్నాను. అతను అమ్ముదామనుకుంటున్నాడు, నాకే అమ్మిపెట్టబుద్ధి కావట్లేదు.

"ఇంకా రెండున్నాయట. వాటిని నాకివ్వు మామయ్యా. ఇళ్ళు చూస్తాను."

"ఇళ్ళా? సోఫా మీద పడుకోబెడతావా?"

"పడుకుంటే ఏం? ప్రాణంతో పడుకుంటాయి."

"జాగిలం వంటింట్లో బతకదే. దానికి గుంపు కావాలి, పని కావాలి. అవి లేకుండా ఉంచడం నాకు దయలా కనిపించదు. మీ చట్టమే చేసిందిది, నేను కాదు."

ఐల్సా గొంతు పెంచలేదు. అదే నన్ను భయపెట్టింది.

"చట్టం నక్కని కాపాడ్డానికి. నీ కొట్టం ఖాళీ చెయ్యమని అందులో లేదు. సరే, చట్టమే చేసిందనుకుందాం. చట్టం లేని రోజుల్లో ఎన్నిటిని తీసుకెళ్ళావు ఆ గది వెనక్కి? డెయిరీమెయిడ్‌కి మూత్రపిండాలు బాగానే ఉన్నాయిగా? అది కాస్త నెమ్మదిగా పరిగెత్తేది, అంతే."

"ప్రతిదాని పేరూ నాకు గుర్తుంది" అన్నాడు ఎక్కీ.

"గుర్తుంటే వాటికేం ఒరిగింది?"

అతను జీను పట్టీని నా చేతిలోంచి తీసుకుని దాని అంచు తడిమాడు.

అప్పుడే నెట్టా ఒక చేత్తో మటన్ కూరి కాల్చిన రొట్టె గిన్నె, ఇంకో చేత్తో తలుపు తోసుకుంటూ వచ్చింది. ఇద్దరి మొహాలూ చూసి గిన్నె బల్లమీద పెట్టింది. "కొట్టుకోడం అయిపోయిందా, ఇంకా ఉందా? ఉంటే నేను తింటూ చూస్తాను." ఎవరూ నవ్వకపోయేసరికి తనే కుర్చీ లాక్కుంది. "ఇదిగో ఎక్కీ, ఆలోచించే వచ్చాను. రెండు వాడుకోవచ్చని చట్టమే అంటోందిగా? నీకు మిగిలినవి రెండేగా? ఈతకాలంలో నక్క రాక మానదు. నువ్వా రెండింటినీ తెచ్చి నా పొలంలో నాటిన అడవిలోంచి దాన్ని తోలు. నేను తుపాకీ పట్టుకుని నిలబడతా. పనిచేస్తే నా పశువుల పాకలో ఒక మూల వాటిదే. చచ్చేదాకా."

"పని చెయ్యకపోతే?" అంది ఐల్సా.

"పనిలేని జాగిలాన్ని ఈనే గొర్రెల మధ్య నేనుంచలేనమ్మా. విసుగు పుట్టిందంటే ఏ రోజుకారోజు భయమే."

ఐల్సా మామయ్యకేసి చూసింది. అతను రొట్టె మీది పెచ్చును చాకుతో కోస్తున్నాడు. "పని చెయ్యకపోతే నాకు తెలిసింది ఒకటే దారి. నీకూ తెలుసు."

"అప్పుడు కూడా నేనొస్తాను. అడుగుతాను."

"అడుగు. అడిగితే తప్పేముంది."

ఆ చలికాలమంతా అతను ఆ రెండింటినీ రోజూ రోడ్డు మీద నడిపించాడు. ఒకప్పుడు పొద్దున గంజి బాల్చీ చప్పుడు వింటే కొట్టమంతా ఒకేసారి గొంతెత్తి పాడేది, లోయలో కింది పొలాలకు వినపడేది. ఇప్పుడు ఆ రెండూ నోరెత్తేవి కావు. నేను వెళ్ళినప్పుడల్లా ఒకటి గమనించాను. అంత పొడవు తొట్టిలో అవి ఒక చివరే నిలబడి, ఒకదాన్నొకటి నెట్టుకుంటూ తినేవి. మిగతా తొట్టిలో గంజి అలాగే ఉండేది. ఎక్కీ చివరికి ఒక చిన్న గిన్నె తెచ్చి పెట్టాడు. అవి దాని దగ్గరికి వెళ్ళలేదు. తొట్టి చివరే నిలబడ్డాయి.

ఏప్రిల్‌లో నెట్టా కబురు చేసింది. మూడు రోజులుగా గొర్రెపిల్లలు పోతున్నాయి. ఒకదాన్ని నక్క కంచె కింద సగం పూడ్చిపెట్టింది.

మేం వెళ్ళేసరికి కొండమీద మంచు తేలిపోతోంది. స్ప్రూస్ చెట్ల అడవి నల్లగా, గోడ కట్టినట్టు ఉంది. పై అంచున నెట్టా, వాగు పక్కన నేను, తుపాకులతో. ఎక్కీ మామూలు కోటే వేసుకున్నాడు కానీ బూర మాత్రం తెచ్చాడు. గొలుసు విప్పి రెండింటినీ లోపలికి పంపాడు. అతని గొంతు చెట్ల మధ్య వినపడుతూనే ఉంది. మాటలు కావవి, వాటికి మాత్రమే అర్థమయ్యే పిలుపు.

కాసేపటికి హార్పర్ అరిచింది. ఒక్కసారి, లోతుగా. నక్క వాసన తగిలినప్పటి అరుపని నాకే తెలిసింది. గాసిప్ దానికేసి పరిగెత్తడం చెట్ల సందుల్లో తెల్లగా కనిపించింది. ఇప్పుడు అదీ గొంతు కలుపుతుందని చూశాను. పేరుకు తగ్గట్టు కొట్టమంతటిలో నోరాగనిది అదే. కానీ అది వాసన చూసి, తలెత్తి, వెనక్కి తిరిగి అడవి బయటికి వచ్చేసింది. గేటు దగ్గర, మేం బండి ఆపిన చోట కూర్చుంది. లోపల హార్పర్ ఇంకోసారి అరిచింది. అది అరుపులా లేదు, అడుగుతున్నట్టుంది. మూడోసారి ఇంకా చిన్నగా. తర్వాత అడవిలో చప్పుడు లేదు.

వాగు అవతల గట్టు మీద నక్క కనిపించింది. నా తుపాకీకి అందనంత దూరం. నిలబడి వెనక్కి చూసి, తీరిగ్గా నడుచుకుంటూ వెళ్ళిపోయింది.

నెట్టా కొండ దిగుతూ తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. గేటు దగ్గరికి వచ్చేసరికి ఎక్కీ గాసిప్ పక్కన మోకాళ్ళ మీద ఉన్నాడు. హార్పర్ కూడా వచ్చి అతని మోచేతి కింద తల దూర్చింది.

నెట్టా కోపం తగ్గింది. "ముసలిదైపోయింది ఎక్కీ. కాళ్ళు పోయాయి దానికి."

"కాళ్ళు బాగానే ఉన్నాయి. చూడు, ఎటు చూస్తోందో." గాసిప్ బండి వెనక తలుపుకేసి చూస్తోంది. "మిగతావి దిగలేదని చూస్తోంది. గుంపు దిగకుండా వేట మొదలవదని దానికి నేనే నేర్పాను. అది లెక్కపెడుతోంది నెట్టా."

మేం కొట్టానికి తిరిగొచ్చేసరికి ఐల్సా వాకిట్లో తన బండికి ఆనుకుని ఉంది. నెట్టాయే ఫోను చేసి ఉంటుంది. ఎక్కీ ఆమెను చూశాడు, ఆగలేదు. హార్పర్‌ను కొట్టంలో పెట్టి తలుపు వేశాడు. లోపలికెళ్ళి తుపాకీ పెట్టే బీరువా తీసిన చప్పుడైంది. కోటు జేబులో బరువుతో, చేతిలో బిస్కెట్‌తో వచ్చాడు. గాసిప్ తోక ఊపుకుంటూ వెంట నడిచింది.

"అడుగుతానన్నాను. అడుగుతున్నాను మామయ్యా."

"విన్నాను" అని మాంసపు గది వెనక్కి తిరిగాడు.

ఐల్సా నా చెయ్యి పట్టుకుంది. చిన్నప్పుడు జీనులు చూడ్డానికి నా కొట్టుకొచ్చినప్పుడు కూడా అలా పట్టుకోలేదు. "మీరు వెళ్ళి ఆపరా?" అంది. నేను వెళ్ళలేదు. అతని పనికి అడ్డుపడే హక్కు నాకుందని అనిపించలేదు. అతను చేస్తున్నది సరైందనీ అనిపించలేదు. ఆ రెండింటి మధ్య నిలబడిపోయాను. చప్పుడు కోసం ఎదురుచూశాం. కొట్టంలో హార్పర్ గోళ్ళతో తలుపు గీరడం తప్ప ఏమీ వినపడలేదు.

ఎక్కీ తిరిగొచ్చాడు. పక్కనే గాసిప్, మూతికి బిస్కెట్ పొడి. అతను గోడకు ఆనుకుని నిలబడ్డాడు. మొహం బూడిదలా ఉంది.

"ఇన్నాళ్ళూ ఎలా చేశానో ఇప్పుడు తెలిసింది" అన్నాడు. మాలో ఎవరికేసీ చూడలేదు. "చప్పుడవగానే లోపల అన్నీ ఒక్కసారి నోరుమూసేవి. కాసేపటికి మళ్ళీ మొదలెట్టేవి, ఆకలని. వాటికి గంజి పొయ్యాలి కదా. అందుకని బాల్చీ తీసుకుని వెళ్ళిపోయేవాణ్ణి. తర్వాత పనుండేది. ఇప్పుడు దీన్ని చేస్తే లోపల మిగిలేది ఒక్కటి. దాని ముందుకి బాల్చీతో ఎలా వెళ్ళను?"

ఐల్సా ఏడుస్తోంది. దగ్గరికి వెళ్ళలేదు.

"నీ బండి వెనక తలుపు తియ్యి" అన్నాడు ఎక్కీ. "నేను ఒప్పుకున్నానని కాదు. నాకు చేతకాలేదు, అంతే."

ఆమె రెండిటినీ కలిపి తీసుకునే ఇంటి కోసం వారంపైగా వెతికింది. అంత పెద్దవాటిని రెండు ఉంచుకోవడానికి ఎవరూ ముందుకు రాలేదు. గాసిప్‌కు కెల్సోలో ఒక ఇల్లు, హార్పర్‌కు సముద్రం ఒడ్డున ఐమౌత్‌లో ఇంకో ఇల్లు దొరికాయి. కొట్టంలో జాగిలాల మెడకు ఏమీ ఉండదు. ఊళ్ళో తిరగాలంటే పేరూ చిరునామా ఉన్న పట్టెడ ఉండాలి. నేను వాటి మెడలు కొలిచి, వెడల్పు పట్టీతో, లోపల మెత్తటి తోలు వేసి ఒంటి పట్టెడలు కుట్టాను. అలాంటివి ఎల్డర్‌హోప్ జాగిలాలకు కుట్టడం నాకదే మొదలు. వాటిని అక్కడే సరిచూసి బిగించాలని నేనూ బండెక్కాను. ఐల్సా నడిపింది. ఎక్కీ వెనక, వాటి మధ్య, కింద కూర్చున్నాడు.

కెల్సో ఇల్లు మంచి ఇల్లు. మిస్ హోగర్త్ బడి పంతులమ్మగా చేసి మానుకున్న మనిషి. తోట చుట్టూ ఎత్తైన గోడ ఉంది. పొయ్యి పక్కన కొత్త పరుపు వేసింది. చేతిలో కాగితం పట్టుకుని ఎక్కీని ఒక్కొక్కటే అడిగింది. ఏం తింటుంది, ఎంత తింటుంది, వర్షంలో బయటికి వెళ్తుందా, పిల్లుల్ని చూస్తే ఏం చేస్తుంది. ఎక్కీ టోపీ చేత్తో పట్టుకుని అన్నిటికీ జవాబు చెప్పాడు. గంజి ఎలా కాచాలో రెండుసార్లు చెప్పాడు. ఆమె రాసుకుంది.

"ఇంకొక్కటండి. ఆదివారాలు నేను చర్చికి వెళ్తాను. ఒంటరిగా ఉన్నప్పుడు ఇది ఏం చేస్తుంది?"

ఎక్కీ నోరు తెరిచాడు. గాసిప్‌కేసి చూశాడు. కూనగా ఉన్నప్పుడు దాన్ని పెంచమని నెట్టా ఇంట్లో పెట్టినప్పుడు కూడా తోబుట్టువుతో జంటగానే పెట్టారు. ఆ తర్వాత కొట్టం.

"తెలీదమ్మా" అన్నాడు. "అది ఎప్పుడూ ఒంటరిగా లేదు."

ఆమె పెన్ను ఆగిపోయింది. "నేర్చుకుంటుందిలెండి" అంది మెల్లిగా. అతనికి ధైర్యం చెప్పాలనే అంది.

నేను పట్టెడ బిగించాను. ఎక్కీ దాన్ని ముట్టుకోకుండానే బయటికి వచ్చేశాడు. బండి వీధి చివరికి చేరేసరికి వెనకనుంచి గొంతు వినపడింది. చలికాలమంతా నోరెత్తని గాసిప్ గొంతు. గోడ మీదుగా, వీధంతా నిండిపోయేలా. బండిలో హార్పర్ లేచి నిలబడి తలెత్తి జవాబిచ్చింది.

ఐల్సా బ్రేకు వేసింది. "మామయ్యా, నేను... ఇలా అనుకోలేదు."

"ఆపకు."

"వెనక్కి తీసుకెళ్దామా?"

"ఎక్కడికి తీసుకెళ్తావే? నాకు కొట్టం లేదు. ఆపావంటే నేను దిగిపోతాను, దిగితే మళ్ళీ ఎక్కను. పోనియ్యి."

ఆమె పోనిచ్చింది. నదీ వంతెన దాటేదాకా హార్పర్ అరుస్తూనే ఉంది. ఎక్కీ దాని మూతి పట్టుకోలేదు, ఊరుకోమనలేదు. దాని వీపు మీద చెయ్యి వేసి, వెనక గొంతు వినపడటం ఆగిపోయేదాకా కిటికీకేసి చెవి పెట్టి కూర్చున్నాడు.